ఇంటిపేరు లేని నాయిక: 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' ముగింపుపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1977లో మొదలైన 'స్టార్ వార్స్' ప్రధాన కథాచక్రం 2019 డిసెంబరులో విడుదలైన తొమ్మిదవ చిత్రం 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్'తో ముగిసింది. దీర్ఘకాలపు అభిమానుల్లో ఈ చిత్రం కలిగించిన మిశ్రమస్పందనకు మూలం కథనవేగంలోనో, సంఘటనల అతిశయంలోనో లేదని, నాయిక జన్మ విషయంలో పూర్వచిత్రం ఇచ్చిన సమాధానాన్ని తిరగదోడడంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అసంపూర్ణ కావ్యాలను పూరించిన తెలుగు కవుల పద్ధతి, భారతంలోని కర్ణుని జన్మవృత్తాంతం, నాటకసంధుల చర్చ ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: స్టార్ వార్స్, పూరణ, జన్మప్రశ్న, ఇంటిపేరు, దత్తత, నిర్వహణసంధి.

ఉపోద్ఘాతం

తెలుగులో 'అభిమానం' అనే మాటకు ప్రేమ అనే అర్థంతోపాటు ఆత్మగౌరవం అనే అర్థమూ ఉంది. ఒకరిపై అభిమానం పెంచుకుంటాం. ఎవరైనా నొప్పిస్తే అభిమానం దెబ్బతిన్నదంటాం. సినిమా అభిమాని స్థితిని వివరించడానికి ఈ రెండర్థాలూ అవసరమే. తాను ఏళ్ల తరబడి ప్రేమించిన కథ తనకు రుచించని దారి పట్టినప్పుడు అతనికి రసభంగంతోపాటు ఒక విధమైన అవమానమూ కలుగుతుంది. ఆ కథలో తనకూ ఒక వాటా ఉందని అతడు నమ్మడమే అందుకు కారణం.

జార్జ్ లూకస్ 1977లో తీసిన తొలిచిత్రానికి 1980, 1983 సంవత్సరాల్లో రెండు కొనసాగింపులు వచ్చాయి. 1999, 2002, 2005లలో వెలువడిన మూడు చిత్రాలు పూర్వకథను చెప్పాయి. 2012లో లూకస్ తన సంస్థను డిస్నీకి అమ్మివేయడంతో చివరి మూడు చిత్రాలు ఆయన చేయి దాటిపోయాయి. వాటిలో మొదటిది 'ది ఫోర్స్ అవేకెన్స్' (2015). దాని దర్శకుడు జె. జె. ఏబ్రమ్స్. రెండవదైన 'ది లాస్ట్ జెడై' (2017)కి రయన్ జాన్సన్ రచయిత, దర్శకుడు. మూడవ చిత్రానికి మొదట నియమితుడైన కాలిన్ ట్రెవరో 2017లో తప్పుకోగా ఆ బాధ్యత మళ్లీ ఏబ్రమ్స్‌కు దక్కింది. అంటే ఒకే కథను ఒకరు ఆరంభించారు, మరొకరు మలుపు తిప్పారు, ఆరంభించినవారే తిరిగి వచ్చి ముగించారు. సమస్య అంతా ఈ తిరిగిరావడంలో ఉంది.

ఈ వ్యాసకర్త పాఠశాల రోజులనుంచి ఈ చిత్రాల అభిమాని. ఆ సంగతి దాచి తటస్థత నటించడంవల్ల విమర్శకు ఒరిగేదేమీ లేదు. 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' చూస్తున్నప్పుడు రెండు మూడు చోట్ల కళ్లు చెమర్చాయి. అదే చిత్రంపై కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఆ కన్నీరు ఎక్కడిది, ఈ కోపం దేనిపై అన్న విచికిత్సే ఈ వ్యాసానికి ప్రేరణ.

పూరణకర్త బాధ్యత

ఒకరు మొదలుపెట్టిన కృతిని మరొకరు ముగించడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. మన సాహిత్యచరిత్ర తొలి అధ్యాయమే అటువంటి పూరణ. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంనుంచి మొదలుపెట్టి చివరిదాకా రచించాడు. తరువాత ఎఱ్ఱన వచ్చి నడుమ మిగిలిన అరణ్యపర్వభాగాన్ని పూరించాడు. ఆ పూరణను అతడు తన కాలపు ప్రభువుకు కాక, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. అతని రచన నన్నయ శైలికి దగ్గరగా మొదలై క్రమంగా తిక్కన శైలికి చేరువవుతుందని సాహిత్యచరిత్రకారులు గుర్తించారు. రెండు ఒడ్డుల ఎత్తులు వేరని తెలిసి కట్టిన వంతెన అది.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. కవిత్రయం ముందు వ్యాసభారతం ఉంది. ముగింపు ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఏబ్రమ్స్, జాన్సన్‌ల ముందు అటువంటి మూలం లేదు. లూకస్ వద్ద ఉన్న కథాసూచనలను కొత్త యాజమాన్యం పక్కన పెట్టింది. మూలం లేనిచోట తరువాతి కర్తకు స్వేచ్ఛ ఎక్కువనే మాట నిజమే. అయితే అటువంటి చోట ముందరి భాగమే మూలం అవుతుంది. వ్యాసుని పట్ల ఎఱ్ఱనకు ఎంత బాధ్యత ఉందో, జాన్సన్ చిత్రం పట్ల ఏబ్రమ్స్‌కు అంత బాధ్యత ఉండాలి. అది నచ్చనవసరం లేదు గాని, జరగలేదన్నట్లు రాయడం కుదరదు.

ఏబ్రమ్స్ చేసినది సరిగ్గా అదే. 'ది లాస్ట్ జెడై'లో వృద్ధుడైన ల్యూక్ తన చేతికిచ్చిన లైట్‌సేబర్‌ను నిర్లక్ష్యంగా వెనక్కి విసిరేస్తాడు. కొత్త చిత్రంలో రే అదే ఆయుధాన్ని మంటల్లోకి విసిరితే, మరణించిన ల్యూక్ ఆత్మరూపంలో వచ్చి దాన్ని పట్టుకొని, జెడై ఆయుధాన్ని గౌరవించాలని హితవు చెబుతాడు. ముందరి చిత్రంలో కైలో రెన్ పగలగొట్టిన ముసుగును ఇందులో ఎర్రని అతుకులతో తిరిగి అతికిస్తారు. రోజ్ అనే పాత్ర పూర్వచిత్రంలో ప్రధాన కథాభాగాన్ని మోసింది. ఇందులో ఆమె కొద్ది క్షణాలు కనిపించి తప్పుకుంటుంది. ఆ పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ జాతివివక్షతో కూడిన వేధింపులను ఎదుర్కొని 2018లో సామాజిక మాధ్యమంనుంచి వైదొలగింది. అటువంటి నటి పాత్రను ఆ వెంటనే వచ్చిన చిత్రంలో కుదించడానికి నిర్మాణపరమైన కారణాలు ఏవి చెప్పినా, అభిమానం దెబ్బతిన్నదని కేకలు వేసినవారికి అది విజయంగానే కనిపించింది. ఖండనగ్రంథాన్ని పూరణ అని పిలవలేం. ఏబ్రమ్స్ చిత్రంలో మొదటి గంట చాలామేరకు ఖండనమే.

జన్మప్రశ్న

పై ఉదాహరణలన్నీ చిన్నవి. అసలు ఖండన రే జన్మకు సంబంధించినది.

తెలుగు చెవికి సంబోధనలా వినిపించే ఆ ఒక్క అక్షరమే ఆమె పేరు. ఇంటిపేరు లేదు. జాకూ అనే ఎడారి గ్రహంలో పాత ఓడల ఇనుము ఏరుకొని, దాన్ని తిండికి మార్చుకొని బతికిన పిల్ల. తల్లిదండ్రులు తిరిగివస్తారని గోడపై గీతలు గీస్తూ రోజులు లెక్కపెట్టింది. ఆమెలో అసాధారణశక్తి బయటపడగానే, 2015నుంచి 2017వరకు అభిమానులు వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ఈమె ఎవరి కూతురు? ల్యూక్ కూతురా, ఓబీవాన్ మనుమరాలా అని ఊహలు సాగాయి. ఊహించినవారెవరికీ ఆమె ఎవరికీ చెందనిదై ఉండవచ్చన్న ఆలోచన రుచించలేదు.

'ది లాస్ట్ జెడై' ఆ రుచించని సమాధానమే చెప్పింది. ఆమె తల్లిదండ్రులు తాగుడు డబ్బులకోసం బిడ్డను అమ్ముకున్న అనామకులని కైలో రెన్ ఆమెతోనే ఒప్పిస్తాడు. ఆ మాట అతడు ఆమెను లొంగదీసుకోవడానికే అన్నాడు. అయినా దాని ఫలితం వేరుగా ఉంది. మహాశక్తి రాజవంశాల సొత్తు కాదన్నమాట తొలిసారి ఆ కథాచక్రంలో గట్టిగా వినబడింది. చిత్రం చివర గుర్రపుశాలలో పనిచేసే ఒక బానిసపిల్లవాడు చీపురును ముట్టుకోకుండానే చేతిలోకి రప్పించుకొని ఆకాశంకేసి చూస్తాడు. అతని పేరేమిటో కూడా చిత్రం చెప్పదు.

భారతం చదివినవారికి ఈ ప్రశ్న బలం వేరుగా చెప్పనక్కరలేదు. నన్నయ ఆదిపర్వంలోని అస్త్రవిద్యాప్రదర్శన ఘట్టంలో అర్జునునితో తలపడడానికి వచ్చిన కర్ణుని కృపాచార్యుడు అడిగేది విద్య గురించి కాదు, కులగోత్రాల గురించి. కర్ణుని తల వాలిపోతుంది. దుర్యోధనుడు అతణ్ణి అంగరాజును చేసి ఆ ప్రశ్నను రాజ్యంతో పూడ్చివేయాలని చూస్తాడు. కాసేపటికే అధిరథుడు రంగస్థలంలోకి రావడంతో, పూడ్చిన ప్రశ్న మళ్లీ పైకి లేస్తుంది. 1977లో, అంటే తొలి స్టార్ వార్స్ చిత్రం వచ్చిన సంవత్సరమే, విడుదలైన 'దానవీరశూరకర్ణ'లో ఎన్. టి. రామారావు ఈ ఘట్టాన్ని కులవ్యవస్థపై అభియోగంగా మలిచారు. ఆ సన్నివేశంలోని సంభాషణలు ఇప్పటికీ తెలుగువారి నోట నిలిచి ఉండడానికి వాటి సమాసాల బిగువు ఒక్కటే కారణం కాదు. తెలుగునేలపై ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం అడగడమే.

'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్'లో రే ఎవరో మళ్లీ చెబుతారు. ఆమె గెలాక్సీని చెరబట్టిన చక్రవర్తి పాల్పటీన్ మనుమరాలు. ఆమె తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. బిడ్డను దాచడానికే అనామకులుగా బతికారు. పూర్వచిత్రం చెప్పిన మాట అబద్ధం కాదని, సగం నిజమని ఈ విధంగా సర్దుబాటు చేశారు. ఈ సర్దుబాటు తెలివైనదే. కాని దానివల్ల పోయినదేమిటో గమనించాలి. రే శక్తికి కారణం ఇప్పుడు రక్తం. ఆమెలోని కోపానికి, ఆమె వేళ్లనుంచి వెలువడిన మెరుపుకు కారణం కూడా రక్తమే. చీపురు పట్టిన పిల్లవాడికి ఈ చిత్రంలో చోటు లేదు.

సమర్థించేవారు చెప్పే వాదం బలమైనదే: నీచవంశంలో పుట్టినా మంచిని ఎంచుకోవచ్చని చూపడం గొప్ప కాదా? ఇది ప్రహ్లాదుని కథ. దాన్ని కాదనవలసిన పని లేదు. కాని ప్రహ్లాదుని కథను మనకు మొదటినుంచీ ప్రహ్లాదుని కథగానే చెప్పారు. రెండు భాగాలు ఏకలవ్యుని కథగా నడిపి, మూడవ భాగంలో అతడు నిజానికి ఒక రాజుగారి మనుమడని చెబితే, కొత్తకథ ఎంత మంచిదైనా పాతకథ వినినవారి నమ్మకం వమ్మవుతుంది. 2024నాటి 'కల్కి 2898 ఏడీ' చివర కథానాయకుడు పూర్వజన్మలో ఫలానా మహావీరుడని తెలియగానే తెలుగు ప్రేక్షకులు ఈలలు వేశారు. అక్కడ భారతకథ మొదటి దృశ్యంనుంచీ తెరపైనే ఉంది కాబట్టి ఆ గుర్తింపు మోసంగా అనిపించలేదు.

నిర్వహణసంధిలో నాటిన బీజం

ముఖసంధిలో నాటిన బీజం తక్కిన సంధుల్లో మొలకెత్తి, చెదిరి, వెదకబడి, నిర్వహణసంధిలో ఫలంగా ఒక్కచోట చేరాలన్నది నాట్యశాస్త్రసంప్రదాయం. నిర్వహణలో అద్భుతరసం ఉండాలన్న నియమం కూడా ఉంది. చెదరిన వన్నీ ఒకే చెట్టుకు చెందినవని గుర్తించినప్పటి ఆశ్చర్యమే ఆ అద్భుతం.

పాల్పటీన్ 1983నాటి చిత్రంలో చనిపోయాడు. చివరి మూడు చిత్రాల్లో మొదటి రెండింటిలో అతడు బతికి ఉన్నాడనడానికి సూచన లేదు. మూడవ చిత్రం ప్రారంభ వాక్యాల్లోనే అతని గొంతు లోకమంతా వినబడిందన్న వార్త వస్తుంది. ఆ గొంతును ప్రేక్షకుడు చిత్రంలో వినడు. విడుదలకు కొద్దిరోజుల ముందు 'ఫోర్ట్‌నైట్' అనే వీడియోగేమ్‌లో దాన్ని వినిపించారు. నాటకం మొదటి అంకంలో ఉండవలసిన బీజాన్ని నాటకశాల బయట, వేరే ఆటలో నాటడం బహుశా కొత్త ప్రక్రియే! తరువాత పో అనే పాత్ర, అతడు ఎలాగో తిరిగివచ్చాడని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఆ వాక్యం అభిమానుల మధ్య ఇప్పటికీ హాస్యోక్తిగా చలామణి అవుతోంది. ఆకాశం నిండా నిలిచిన వందలాది యుద్ధనౌకలు కన్ను చెదరగొడతాయి గాని, పై అర్థంలో అద్భుతాన్ని కలిగించవు.

దీనికి ఒక మినహాయింపు చెప్పాలి. చివరి పోరులో నేలకొరిగిన రేకు గతించిన జెడైల గొంతులు ఒక్కొక్కటిగా వినిపిస్తాయి. ఏ గొంతు ఎవరిదో చిత్రం చెప్పదు. కొత్త ప్రేక్షకునికి అవి కేవలం గొంతులు. అభిమానికి ప్రతి గొంతు వెనక ఒక కథ, కొన్నిటి వెనక ఒక మరణం ఉంది. దీన్ని అభిమానులను మెప్పించే ఎత్తుగడగా కొట్టివేయడం సులభం. అవధానసభలో పూరణ ఎత్తుగడ వినగానే చివరిపాదం పట్టుకోగలిగిన శ్రోతకు కలిగే ఆనందాన్ని ఎవరూ తక్కువ చేయరు. ఆ ఆనందం పరిమితమైనదే కావచ్చు, కృత్రిమమైనది మాత్రం కాదు.

చిత్రం గెలిచిన చోటు

తండ్రిని చంపిన కొడుకుకు తండ్రి మళ్లీ కనిపించే దృశ్యం ఈ చిత్రానికి శిఖరం. సముద్రంలో కూలిపడిన పాత యుద్ధకేంద్రం శిథిలాలపై రే చేత గాయపడి, ఆమె చేతనే గాయం మాన్పించుకొని, ఒంటరిగా నిలబడ్డ కైలో రెన్ ముందుకు హాన్ సోలో వస్తాడు. అతడు జెడై కాడు కాబట్టి ఆత్మరూపం లేదు. అతడు కేవలం ఒక జ్ఞాపకమని కొడుకే అంటాడు. 2015నాటి చిత్రంలో వంతెనపై తండ్రీకొడుకులు పలికిన మాటలే ఇక్కడ మళ్లీ పలుకుతారు. అప్పుడు ఆ మాటల చివర హత్య జరిగింది. ఇప్పుడు కొడుకు నాన్నా అని మాట పూర్తిచేయలేక ఆగిపోతే, తనకు తెలుసని తండ్రి అంటాడు. ప్రేమిస్తున్నానన్న లేయాకు 1980లో హాన్ ఇచ్చిన జవాబు అదే. ఒకే మాట ప్రియురాలికి ఒకసారి, కొడుక్కి ఒకసారి చెబుతాడు. రెండు సందర్భాల్లోనూ ఎదుటివారు చెప్పలేనిదాన్ని అతడు ముందే అందుకున్నాడు. కొడుకు ఆయుధాన్ని సముద్రంలోకి విసురుతాడు.

ఇది పూరణ. పూర్వభాగంలోని మాటలను ఒక్కటీ మార్చకుండా, వాటి అర్థాన్ని మాత్రమే మార్చింది. ఏబ్రమ్స్ ఇక్కడ పూరిస్తున్నది తాను తీసిన చిత్రాన్నే అన్నది గమనార్హం. ఎదుటివాని రచనకు ఇవ్వలేని శ్రద్ధను అతడు తన రచనకు ఇవ్వగలిగాడు.

జ్ఞాపకాలు చెరిగిపోతాయని తెలిసి కూడా సిద్ధపడిన యంత్రం సి-త్రీపీఓ, ముందుగా మిత్రులను చివరిసారి చూసుకుంటుంది. ఆ క్షణమూ అటువంటిదే. ఆ జ్ఞాపకాలను కొంతసేపటికే తిరిగి ఇచ్చివేయడం, చనిపోయాడనుకున్న చ్యూబాకాను కొద్ది నిమిషాల్లోనే బతికించడం ఈ చిత్రానికి ఉన్న చెడ్డ అలవాటు. ఏ నష్టాన్నీ నిలవనివ్వదు. 'నిర్వచనోత్తరరామాయణం' రాసిన తిక్కన రామనిర్యాణాన్ని చెప్పకుండానే కావ్యాన్ని ఆపివేశాడు. చెప్పలేనిదాన్ని చెప్పకుండా ఆపడం ఒక పద్ధతి. చెప్పి, మరుక్షణం కాదనడం అంతకంటె చాలా బలహీనమైన పద్ధతి.

దత్తత

చిత్రం మధ్యలో ఒక పండుగలో రేకు పూసలదండ వేసిన స్త్రీ ఆమె ఇంటిపేరు అడుగుతుంది. తనకు లేదని రే చెబుతుంది. చిట్టచివరి దృశ్యంలో టాటూయీన్ ఎడారిలో ఒక ముసలామె అదే అడుగుతుంది. దూరాన ల్యూక్, లేయాల ఆత్మరూపాలు చూస్తుండగా, తాను రే స్కైవాకర్‌నని ఆమె జవాబిస్తుంది. ల్యూక్ పెరిగిన ఆ ఇంటి ముంగిట అప్పటికే ఆమె అన్నాచెల్లెళ్లిద్దరి లైట్‌సేబర్లను ఇసుకలో పూడ్చింది.

దీన్ని అభిమానుల్లో ఒక వర్గం వంశాపహరణంగా చూసింది. మన సంప్రదాయంలో దీనికి సరైన మాట దత్తత. దత్తుడు పుట్టినింటి గోత్రం విడిచి కొత్త ఇంటిపేరు స్వీకరిస్తాడు. ఆ ఇంటివారికి అంత్యకర్మలు చేసే అర్హత పొందుతాడు. లేయా ఏకైక పుత్రుడు బెన్ మరణించాడు. ల్యూక్‌కు సంతానం లేదు. నిర్వంశమైన ఇంటికి వారసురాలిగా రే వచ్చి కర్మ చేసింది. ఇక్కడ పిల్ల తానుగా ఇంటిని దత్తత తీసుకుంది. ఆ ఇంటివారు మరణానంతరం అంగీకరించారు. ఇలా చదివితే ముగింపు అందమైనది. అయితే దత్తతకు పాల్పటీన్ రక్తం అవసరం లేదు. ఇంటిపేరే లేని పిల్ల, ఎవరూ అడగని పిల్ల, ఒక ఇంటిపేరును ఎన్నుకొని ఉంటే ఆ జవాబు మరింత గట్టిగా మోగేది.

ఉద్యోగపర్వంలో కృష్ణుడు, ఆపైన కుంతి తన జన్మరహస్యం చెప్పినప్పుడు కర్ణుడు రాధేయుడుగానే ఉండిపోయాడు. ఆ నిర్ణయానికి బరువు రాధ పెంపకంనుంచి వచ్చింది. ఒక జీవితకాలపు అన్నం, ఆలన ఆ పేరులో ఉన్నాయి. రే విషయంలో అటువంటి పెంపకం ఎక్కడుంది? ల్యూక్‌తో ఆమె గడిపినవి కొద్దిరోజులు. లేయా వద్ద ఆమె శిష్యరికం చేసింది సుమారు ఒక సంవత్సరం. ముగింపు నిలబడవలసింది లేయాకూ రేకూ మధ్య ఉన్న ఆ తల్లీకూతుళ్ల బంధంపైనే. కాని లేయా పాత్రధారిణి క్యారీ ఫిషర్ 2016 డిసెంబరులో మరణించింది. 'ది ఫోర్స్ అవేకెన్స్'లో వాడకుండా మిగిలిన దృశ్యాలను తీసుకొని, వాటి చుట్టూ కొత్త సన్నివేశాలు అల్లారు. అందుకే లేయా మాటలు పొడిగా, ఏ సందర్భానికైనా అతికేట్టు ఉంటాయి. రే వాటికి జవాబులు వెతుక్కుంటూ మాట్లాడుతుంది. చిత్రానికి అత్యవసరమైన పెంపకదృశ్యం తీయడానికి పెంచవలసిన మనిషి లేదు. ఈ లోపానికి ఏబ్రమ్స్‌ను నిందించడం న్యాయం కాదు. జన్మరహస్యం మార్చడం అతని నిర్ణయం. ఇది మాత్రం మృత్యువు చేసిన పని. ఈ రెండు లోపాలనూ ఒకే గాటన కట్టడంవల్లనే ఈ చిత్రంపై వచ్చిన విమర్శ చాలావరకు కటువుగా మారింది.

ఇంతకూ రే ఎన్నుకున్న ఆ ఇంటిపేరు ఎవరిది? స్కైవాకర్లు రాజులు కారు. లేయా రాకుమారి అయినది ఆల్డెరాన్ రాజదంపతులు ఆమెను పెంచుకోవడంవల్ల. ఆ పేరు మొదట కనిపించేది టాటూయీన్‌లో ఒక బానిసస్త్రీ దగ్గర. ఆమె ష్మీ. తండ్రి లేకుండా పుట్టిన అనాకిన్‌కు ఆ పేరు తల్లినుంచే వచ్చింది. జాకూలో అమ్ముడుపోయిన పిల్లకు ఈ కథాచక్రం మొత్తంలో అందరికంటె దగ్గరి బంధువు ఆమె. 2002నాటి చిత్రంలో ఆమెను పాతిపెట్టింది, రే లైట్‌సేబర్లు పూడ్చిన ఆ ఇంటి ముంగిట్లోనే. చివరి దృశ్యంలో రే ఇసుకను చేతితో సర్దుతుంది, లేస్తుంది, జంటసూర్యులకేసి తిరుగుతుంది. కెమెరా ఆ సమాధివైపు ఒక్కసారీ తిరగదు.